ఆరు గుంటలు, నాలుగు దశలు: రొయ్యల చెరువుల దగ్గర స్కాడా కట్టిన డైరీ

ఇందుకూరుపేట మండలంలో, గంగపట్నం వైపు, మా మామకు ఆరు రొయ్యల గుంటలున్నాయి. ఒక్కొక్కటి ఎకరానికి కాస్త అటూ ఇటూ. గుంటకు నాలుగు చొప్పున మొత్తం 24 ఏరేటర్లు (నీళ్లలో గాలి కలిపే యంత్రాలు), అన్నీ 2 హెచ్‌పీవే. 62.5 కేవీఏ జనరేటరు ఒకటి. నేను పదకొండేళ్లు ఫ్యాక్టరీల్లో ఇన్‌స్ట్రుమెంటేషన్ పని చేసి వచ్చాను. స్కాడా అంటే దూరంగా ఉన్న యంత్రాలను ఒకచోటి నుంచి కంప్యూటరుతో చూస్తూ నడిపే ఏర్పాటు. అది నాకు కొత్త కాదు గానీ, ఎవరో కట్టిపెట్టిన దాన్ని చూసుకోవడం వేరు, ఉప్పుగాలి కొట్టే గట్టు మీద మొదటి నుంచీ కట్టడం వేరు.

ఏడాదిన్నరలో నాలుగుసార్లు విప్పి కట్టాను. స్కాడా కూడా ఇదే దారిలో పెరిగింది. మొదట అంతా ఒకే కంప్యూటరు, తర్వాత పని పంచుకున్న చిన్న కంట్రోలర్లు, ఆ తర్వాత ఐపీ నెట్‌వర్కు, చివరకు ఇంటర్నెట్టు. ఒక్కో దశలో ఎక్కడ దెబ్బతిన్నానో, ఎందుకు మార్చానో రాస్తున్నాను. ఇదే పని తలపెట్టిన వాళ్లకు కనీసం కొంత కేబులు ఖర్చు మిగులుతుంది.

మొదలుపెట్టేనాటికి ఉన్నది

స్టార్టర్ల బోర్డు షెడ్డులో ఉండేది. చేత్తో పట్టుకునే డీఓ మీటరు ఒకటి. కాపలా తాత రాత్రి పదికి, రెండుకు, నాలుగున్నరకు టార్చి పట్టుకుని గుంటలన్నీ తిరిగి అంకెలు నోటు పుస్తకంలో రాసేవాడు. నీటిలో కరిగిన ఆక్సిజనే డీఓ. పగలు ఎండకు ప్లాంక్టన్ ఆక్సిజన్ ఇస్తుంది. రాత్రి అదే ప్లాంక్టన్, రొయ్యలు, అడుగు బురద అన్నీ కలిసి దాన్ని వాడేస్తాయి. అందుకే తెల్లవారుజామున అంకె అట్టడుగుకు చేరుతుంది.

మామ, నేను కూర్చుని పెట్టుకున్న హద్దులు ఇవి. నాలుగు దశల్లోనూ వీటిని మార్చలేదు.

1. డీఓ 4.5 పీపీఎం (లీటరు నీటికి మిల్లీగ్రాములు) కంటే తగ్గితే మూడో, నాలుగో ఏరేటర్లు ఆన్.
2. 5.8 దాటితే ఆ రెండూ ఆఫ్.
3. 3.5 కంటే తగ్గితే సైరన్.
4. రాత్రిపూట ఏ గుంటలోనూ రెండు ఏరేటర్లకు తగ్గకూడదు.

దశ 1: అంతా ఒకే పెట్టెలో

షెడ్డులో ఒక సెకండ్‌హ్యాండ్ పీఎల్‌సీ (రాసిన ప్రోగ్రాము ప్రకారం యంత్రాలను నడిపే ఫ్యాక్టరీ కంప్యూటరు) పెట్టాను. ఆరు గుంటల డీఓ ప్రోబుల (నీళ్లలో ముంచి ఉంచే కొలత పరికరాల) నుంచి ఆరు కేబుళ్లు దానికే వస్తాయి. 24 కాంటాక్టర్లకు (మోటార్లకు కరెంటు కలిపే స్విచ్చిలకు) ఆర్డరు దాని నుంచే వెళ్తుంది. తొలితరం స్కాడా ఇలాగే ఉండేది. కంట్రోల్ రూములో పెద్ద కంప్యూటరు ఒకటి అన్నీ చూసుకునేది, దూరంగా ఉన్న పెట్టెలు అంకెలు పంపడం, చెప్పింది చేయడం తప్ప సొంతంగా ఏమీ చేసేవి కావు.

*మొదటి తప్పు: 0–5 వోల్టుల ప్రోబులు.* చౌక అని కొన్నాను. తొమ్మిదో రోజు తెల్లవారుజామున ఆరో గుంటలో రొయ్యలు పైకి తేలాయి. ప్యానెల్ చూస్తే 5.2.

"ఏందబ్బయ్యా, ఐదు చూపిస్తా ఉంటే రొయ్యలెందుకు తేలతా ఉండాయి?" అన్నాడు మామ.

చేతి మీటరు ముంచితే 3.9. ప్రోబు దగ్గరే వోల్టేజి కొలిస్తే అది 3.9 కు సరిగ్గా సరిపోయింది. అంటే ప్రోబు తప్పు కాదు, దారిలోనే ఏదో కలుస్తోంది. ఆరో గుంట షెడ్డుకు 210 మీటర్ల దూరం. ప్రోబు పనిచేయడానికి తీసుకునే 40 మిల్లీయాంపుల కరెంటు, సిగ్నల్ కామన్ తీగ గుండానే వెనక్కి వస్తోంది. 0.5 చదరపు మిల్లీమీటర్ల తీగ 210 మీటర్లకు దాదాపు 8 ఓములు. అంటే 0.32 వోల్టు అదనంగా కలుస్తోంది. 5 వోల్టులకు 20 పీపీఎం కాబట్టి ఆ 0.32 వోల్టు సుమారు 1.3 పీపీఎం. 60 మీటర్ల దూరంలోని ఒకటో గుంటలో ఇదే తేడా 0.4 కు లోపే ఉండటంతో నాకు కనబడలేదు. ఎక్కువ చూపించే తప్పు చాలా ప్రమాదం. తక్కువ చూపిస్తే కరెంటు బిల్లు పెరుగుతుంది, ఎక్కువ చూపిస్తే పంట పోతుంది.

ప్రతి ప్రోబు దగ్గర 4–20 మిల్లీయాంపుల కన్వర్టరు పెట్టాను. కరెంటు రూపంలో పంపితే తీగ ఎంత పొడవున్నా లూపంతా అదే కరెంటు. ఇంకో లాభం: సున్నా పీపీఎంకు కూడా 4 మిల్లీయాంపులు వస్తాయి. అసలేమీ రాకపోతే తీగ తెగిందని అర్థం. రెండో గుంట కేబులుకు పార తగిలినప్పుడు అది వెంటనే పట్టిచ్చింది.

*రెండో తప్పు: జనరేటరు.* కరెంటు పోయి జనరేటరు అందుకోగానే పీఎల్‌సీ 24 మోటార్లకూ ఒకేసారి ఆర్డరిచ్చింది. ఒక్కో మోటారు నడిచేటప్పుడు 3.3 ఆంపులు, మొత్తం 79. జనరేటరు 87 వరకు మోస్తుంది. లెక్క సరిపోయిందనుకున్నాను. కానీ స్టార్టింగులో మోటారు దాదాపు ఆరు రెట్లు తీసుకుంటుంది. 475 ఆంపులకు జనరేటరు ట్రిప్ అయింది. మూడుసార్లు ప్రయత్నించి మూడుసార్లూ పడిపోయింది.

తాత అన్న మాట: "నేనైతే ఒక బటను నొక్కి, ఆ మోటారు సద్దు కుదిరినాక రెండోది నొక్కేవాణ్ణి అబ్బయ్యా."

పాత పద్ధతిని ఆటోమేటిక్ చేసేముందు, ఆ పని చేతితో చేసే మనిషి పక్కన రెండు రాత్రులు కూర్చోండి. అతను చెప్పనివి కూడా చూసి రాసుకోండి. నేను అది చేయలేదు. తర్వాత ఒక్కో మోటారుకు 5 సెకన్ల తేడా పెట్టాను. 24 మోటార్లకు రెండు నిమిషాలు. మళ్లీ జనరేటరు పడలేదు.

*మూడోది పిడుగు.* రాత్రి 2:40 కి పీఎల్‌సీ పవర్ సప్లై కాలింది. 24 కాంటాక్టర్లూ ఒక్కసారిగా పడిపోయాయి. ఏరేటర్ల సద్దు ఆగడంతో తాతకు మెలకువ వచ్చింది. కానీ చేత్తో ఆన్ చేయడానికి నేను దారే పెట్టలేదు. నేను పరుగున వచ్చి కాంటాక్టర్లకు నేరుగా తీగలు కలిపేసరికి 35 నిమిషాలు. నాలుగో గుంటలో 2.9. తెల్లారి గట్టు వెంట ఏరితే 60 కిలోలు.

అప్పటి పెద్ద కంట్రోల్ రూముల్లో ఇందుకే రెండో కంప్యూటరు సిద్ధంగా ఉంచేవాళ్లు, మొదటిది పడితే అది అందుకునేది. మాకు అంత స్తోమత లేదు. చేసిన మార్పులు:

1. ప్రతి మోటారుకు ఆటో–ఆఫ్–మాన్యువల్ స్విచ్చి. మాన్యువల్ దారి పీఎల్‌సీని తాకదు.
2. రిలే (పీఎల్‌సీ ఆర్డరుతో కదిలే చిన్న స్విచ్చి) లాజిక్కు తిరగేశాను. రిలేకు కరెంటు ఇస్తే ఏరేటరు *ఆగుతుంది*. పీఎల్‌సీ చచ్చిపోతే రిలేలన్నీ వదిలేస్తాయి, ఏరేటర్లన్నీ నడుస్తాయి.
3. ఆ పరిస్థితిలో కూడా అన్నీ కలిసి లేవకుండా ప్రతి స్టార్టరుకు విడిగా టైమరు.

ఖర్చు: పీఎల్‌సీ 22,000, ప్రోబులు 57,000, కేబులు 825 మీటర్లు 31,350, రిలేలు, టైమర్లు, స్విచ్చిలు 18,500, కన్వర్టర్లు 10,800.
ఇప్పటికి మొత్తం: రూ. 1,39,650

దశ 2: గట్టుకొక బుర్ర

ఒకే పెట్టె మీద ఆరు గుంటల ప్రాణం ఆధారపడకూడదని తేలిపోయింది. పరిశ్రమల్లో 1970ల నుంచి ఇదే మార్పు వచ్చింది. యోకొగావా సెంటమ్, హనీవెల్ టీడీసీ 2000 రెండూ 1975లో వచ్చినవే. ఒకే పెద్ద కంప్యూటరు బదులు చిన్న కంట్రోలర్లు చాలా పెట్టి, పని పంచడం వాటి ఆలోచన. స్కాడా కూడా తర్వాత ఆ బాటే పట్టింది.

ప్రతి గుంట గట్టు మీద పెట్టె, అందులో చిన్న కంట్రోలరు, అంకె కనపడే డిస్‌ప్లే, ఆ గుంట నాలుగు కాంటాక్టర్లు. పైన రాసిన నాలుగు హద్దులూ ఆ కంట్రోలరులోనే ఉంటాయి. షెడ్డులోని కంప్యూటరు అడిగి తెలుసుకుంటుంది, రాసిపెడుతుంది, అంతే. ప్రోబు జవాబివ్వకపోతే కంట్రోలరు నాలుగు ఏరేటర్లూ నడిపేస్తుంది.

వీటిని కలపడానికి ఆర్‌ఎస్-485 తీగ, మోడ్‌బస్ భాష. మోడ్‌బస్ 1979లో మోడికాన్ కంపెనీ తన పీఎల్‌సీల కోసం తయారు చేసింది. ఇన్నేళ్లయినా చౌక ప్రోబు నుంచి ఖరీదైన డ్రైవు దాకా అన్నిటికీ అది అర్థమవుతుంది.

మొదటి రోజు 1,000 సార్లు అడిగితే 212 సార్లు తప్పు జవాబు, లేదా అసలు జవాబే లేదు. తగ్గించిన వరస:

1. ఆరు కంట్రోలర్లూ ఫ్యాక్టరీ నుంచి అడ్రసు 1 తోనే వచ్చాయి. ఇది ముందే చూసుకుని 11 నుంచి 16 వరకు ఇచ్చాను. రెండు అంకెల అడ్రసు ఇస్తే కొత్త పరికరం అడ్రసు 1 తో వచ్చి కలిసినా గొడవ ఉండదు.
2. పాత కేబుళ్లు వాడుకుందామని షెడ్డు నుంచి ఆరు కొమ్మలుగా లాగాను. ఆర్‌ఎస్-485 కు కొమ్మలు పనికిరావు. ఒక గుంట నుంచి ఇంకో గుంటకు గొలుసులా, మెలితిప్పిన జత తీగతో మళ్లీ లాగాను. 450 మీటర్లు పట్టింది. తప్పులు 212 నుంచి 37 కు దిగాయి.
3. గొలుసు రెండు చివర్లలో మాత్రమే 120 ఓముల రెసిస్టరు. పవర్ ఆపి ఏ–బీ తీగల మధ్య కొలిస్తే 60 ఓముల దగ్గర రావాలి. నాకు 40 వచ్చింది. మూడో కంట్రోలరులో లోపలే ఒక రెసిస్టరు ఆన్‌లో ఉంది. తీసేశాక తప్పులు 4.
4. అన్ని పెట్టెల మధ్య కామన్ తీగ కలిపాను. సున్నా.

ఒక నెల తర్వాత మళ్లీ తప్పులు మొదలయ్యాయి. ఈసారి ఉప్పుగాలి. టెర్మినళ్ల మీద పచ్చ చిలుము. తీగ చివర్లకు తగరం పూసిన లగ్గులు వేశాను. కేబులు కన్నాలు పెట్టె పైనుంచి కిందికి మార్చాను. నీళ్లు పైనుంచే కదా దిగేది.

మూడు, నాలుగు గుంటలకు ఆప్టికల్ ప్రోబులు (కాంతితో కొలిచేవి) కొన్నాను. వాటితో ఒక హెచ్చరిక: ఉప్పుశాతం సెట్టింగు సున్నా మీద వస్తుంది. మా నీళ్లు 16 పీపీటీ, అంటే వెయ్యి వంతుల్లో 16 వంతులు ఉప్పు. 30 డిగ్రీల దగ్గర ఆ సెట్టింగు మార్చకపోతే ప్రోబు దాదాపు 9 శాతం ఎక్కువ చూపిస్తుంది. మళ్లీ అదే ప్రమాదకరమైన దిశలో. ఇక పాచి పడితే తక్కువ చూపిస్తుంది. నాలుగో గుంటలో 3.9 చూపించిన ప్రోబును మెత్తటి గుడ్డతో తుడిస్తే 5.1 కు వచ్చింది. ఇప్పుడు నాలుగు రోజులకోసారి తుడవడం తాత పనుల్లో ఒకటి.

జులై 9న షెడ్డు కంప్యూటరు ఏడు గంటలు ఆగింది. పొద్దున చూసేదాకా ఎవరికీ తెలియదు. గట్టు మీది కంట్రోలర్లు తమ పని తాము చేసుకున్నాయి. ఆ రాత్రి అన్ని గుంటల్లో అతి తక్కువ డీఓ 4.0. ఈ దశ కోసం పడ్డ కష్టమంతా ఆ ఒక్క రాత్రికి చెల్లిపోయింది.

ఖర్చు: కంట్రోలర్లు 39,000; పెట్టెలు 31,200; కేబులు 18,000; పిడుగు రక్షణ 8,400; ఆప్టికల్ ప్రోబులు రెండు 54,000.
ఇప్పటికి మొత్తం: రూ. 2,90,250

దశ 3: ఐపీ నెట్‌వర్కు

గొలుసు మూడో గుంట దగ్గర తెగితే అవతలి గుంటలు స్క్రీన్ మీద కనపడవు. పూడిక తీయించిన ప్రతిసారీ ఇదే గొడవ. అందుకని ప్రతి పెట్టెలో చిన్న గేట్‌వే (కంట్రోలరును నెట్‌వర్కుకు కలిపే పరికరం) పెట్టి, షెడ్డు పైన వైఫై పెట్టి, మోడ్‌బస్ టీసీపీకి మారాను. భాష అదే, తీగ బదులు నెట్‌వర్కు. రెండు రోజుల్లో అయిపోయింది.

నెల్లూరులో ఉన్నప్పుడు ఫోన్‌లో చూసుకోవాలని రౌటరులో మోడ్‌బస్ వాడే 502 పోర్టు (బయటి నుంచి లోపలికి వచ్చే దారి) తెరిచాను. ఈ డైరీలో నేను చేసిన అతి పెద్ద తప్పు ఇది. నాలుగో రోజు రౌటరు లాగ్ (రాకపోకల చిట్టా) చూస్తే ఎవరో తెలియని అడ్రసుల నుంచి కనెక్షన్లు. మోడ్‌బస్‌కు పాస్‌వర్డ్ అనేదే లేదు. ఫ్యాక్టరీ గోడల మధ్య, ఒకే తీగ మీద మాట్లాడుకోవడానికి పుట్టిన భాష అది. దారి దొరికిన ఎవరైనా "కాయిల్ ఆఫ్" అని ఆర్డరిస్తే ఏరేటరు ఆఫ్ అవుతుంది. 2015 డిసెంబరులో ఉక్రెయిన్‌లో దాడి చేసినవాళ్లు కంట్రోల్ రూము కంప్యూటర్లలోకి దూరి సబ్‌స్టేషన్ల బ్రేకర్లు తెరిచారు, సుమారు 2,25,000 మంది వినియోగదారులకు కరెంటు పోయింది. మా ఆరు గుంటలకు పగవాళ్లు ఎవరూ లేరు. కానీ ఇంటర్నెట్టు అంతా వెతుకుతూ తిరిగే ప్రోగ్రాములకు గుంట అనీ గ్రిడ్ అనీ తేడా తెలియదు.

ఆ రోజే చేసినవి:

1. పోర్టు మూసేశాను. బయటి నుంచి చూడాలంటే వీపీఎన్ (అనుమతి ఉన్నవాళ్లే వాడగల రహస్య దారి) ఒక్కటే.
2. సీసీ కెమెరాల నెట్‌వర్కు, గుంటల నెట్‌వర్కు వేరు చేశాను.
3. కంట్రోలరు ప్రోగ్రాము మార్చాను. బయటి నుంచి వచ్చే ఆర్డరు ఏరేటర్లను *పెంచగలదు* గానీ రెండింటి కంటే తక్కువకు దించలేదు. ఆర్డరు నా ఫోన్ నుంచి వచ్చినా సరే.

మూడోది అన్నిటికంటే ముఖ్యం. మొదటి రెండూ ఎప్పుడో ఒకప్పుడు దాటగలిగినవే.

ఖర్చు: గేట్‌వేలు 19,200, వైఫై 9,000.
ఇప్పటికి మొత్తం: రూ. 3,18,450

దశ 4: ఇంటర్నెట్టు మీద

ఇక్కడ ఒక అడుగు వెనక్కి వేశాను. ఎప్పుడైనా హద్దులు మార్చాలంటే ఆరు పెట్టెల దగ్గరకూ ల్యాప్‌టాప్ పట్టుకుని వెళ్లాల్సి వస్తుందని, లాజిక్కంతా అద్దె సర్వరు మీదకు ఎక్కించాను. గట్టు మీది కంట్రోలరు మళ్లీ చెప్పింది చేసేదిగా మారింది. అంటే ఇంటర్నెట్టు అనే పొడవాటి కేబులుతో మళ్లీ దశ 1 కట్టుకున్నాను. అప్పుడు నాకది తట్టలేదు.

నవంబరు వానల్లో మూడు రోజులు నెట్ లేదు. కంట్రోలర్లు చివరగా విన్న ఆర్డరు మీదే నిలబడిపోయాయి. ఆ చివరి ఆర్డరు మధ్యాహ్నం వచ్చినది, "రెండు చాలు" అని. మొదటి రాత్రి రెండు గంటల చుట్టులో తాత పట్టుకున్నాడు కాబట్టి సరిపోయింది, నాలుగో గుంట 3.2. స్విచ్చిలన్నీ మాన్యువల్‌కు తిప్పి మూడు రాత్రులూ తాతా నేనూ వానలో గట్ల మీదే ఉన్నాం. నాలుగో రోజు లాజిక్కు మళ్లీ పెట్టెల్లోకి దించాను. సర్వరు నుంచి హద్దులు మార్చవచ్చు. కానీ ఆ హద్దులు పెట్టెలో సేవ్ అయి ఉంటాయి, నిర్ణయం అక్కడే జరుగుతుంది.

సమాచారం పంపడానికి ఎంక్యూటీటీ అనే పద్ధతి పెట్టాను. 1999లో ఆండీ స్టాన్‌ఫర్డ్-క్లార్క్, ఆర్లెన్ నిప్పర్ అనే ఇద్దరు దీన్ని చమురు పైపులైన్ల కోసం తయారు చేశారు. శాటిలైట్ లింకు ఖరీదు కాబట్టి అడిగి అడిగి తెప్పించుకోవడం కాకుండా, విషయం ఉన్నప్పుడే పంపేలా చేశారు. గుంటల దగ్గర సిగ్నల్ వచ్చీపోయే చోట ఇది బాగా కుదిరింది. నెలకు 4 జీబీ దాకా పోయే డేటా 300 ఎంబీ లోపుకు వచ్చింది.

*ఆగిపోయిన అంకె.* జనవరి 22 రాత్రి. మూడో గుంట ప్రోబు కేబులు వదులై జవాబివ్వడం మానేసింది. కంట్రోలరు చేయాల్సింది చేసింది, నాలుగు ఏరేటర్లూ నడిపింది. కానీ గేట్‌వేలో నేను రాసిన ప్రోగ్రాము, కొత్త అంకె రాకపోతే పాత అంకెనే మళ్లీ పంపుతోంది, దానికి కొత్త టైము వేసి మరీ. స్క్రీన్ మీద 5.4, పక్కనే "ఇప్పుడే". ఎంక్యూటీటీలో పరికరం మాయమైతే దాని తరఫున సర్వరే కబురు చెప్పే ఏర్పాటు ఉంది, అది నేను పెట్టాను కూడా. కానీ ఇక్కడ గేట్‌వే బతికే ఉంది, చచ్చింది ప్రోబు. ఆ ఏర్పాటు కదల్లేదు.

మామ ఫోన్‌లో చూశాడు. 5.4 ఉంటే నాలుగూ ఎందుకు తిరుగుతున్నాయని తాతకు ఫోన్ చేసి రెండు ఆపించాడు, మాన్యువల్ స్విచ్చితో. నాలుగున్నరకు చేతి మీటరు 3.1. మెషీను తీసుకున్న సరైన నిర్ణయాన్ని నా స్క్రీన్ చూపించిన అబద్ధం నమ్మి మనుషులు తిప్పేశారు. తప్పు మామది కాదు. ఆయన చూసిన అంకెకు ఆయన చేసింది సబబే.

2003 ఆగస్టు 14న అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో, కెనడాలో దాదాపు 5 కోట్ల మందికి కరెంటు పోయిన సంగతి ఫ్యాక్టరీలో ట్రైనింగులో విన్నాను. ఒహాయోలోని కంట్రోల్ రూములో అలారం ప్రోగ్రాము నిలిచిపోయింది. స్క్రీన్ ప్రశాంతంగా ఉంది కాబట్టి లైన్లు బాగున్నాయనుకున్నారు. అలారమే చచ్చిందని గంటకు పైగా తెలియలేదు. ఆ ట్రైనింగు పరీక్షలో దాని గురించి రాసి మార్కులు తెచ్చుకున్న నేను, నా గేట్‌వేలో అదే తప్పు పెట్టాను.

సరిచేసినవి:

1. టైము గేట్‌వే వేయదు. ప్రోబు జవాబిచ్చిన క్షణాన కంట్రోలరు వేస్తుంది.
2. రెండు నిమిషాలు దాటిన అంకెను స్క్రీన్ చూపించదు. ఆ చోట "తెలియదు" అని ఎర్రగా వస్తుంది.
3. రెండో దశాంశం దాకా అంకె 30 నిమిషాలు కదలకపోతే ప్రోబు చెడినట్టే లెక్క. గుంట నీళ్లు అంత నిశ్చలంగా ఎప్పుడూ ఉండవు.
4. ఏరేటర్లు ఎందుకు నడుస్తున్నాయో కారణం పక్కనే: "డీఓ తగ్గింది", "ప్రోబు లేదు", "చేత్తో".
5. షెడ్డు మీద బ్యాటరీతో నడిచే సైరన్. గుంటల నుంచి కబురు ఆగితే అదే మోగుతుంది.

ఫోన్ కాల్ అలారం కూడా ఉంది. ఫిబ్రవరిలో సిమ్ రీచార్జి అయిపోయి పదకొండు రోజులు కాల్ వెళ్లే స్థితే లేదు. అదృష్టవశాత్తూ అవసరం పడలేదు. ఇప్పుడు రోజూ సాయంత్రం ఏడుకు మామ ఫోన్‌కు ఒక ఖాళీ కాల్ వస్తుంది. ఏడుంపావు దాకా రాకపోతే మామే నాకు ఫోన్ చేస్తాడు.

ఖర్చు: చిన్న కంప్యూటరు 7,000, జీఎస్‌ఎం మాడ్యూలు 1,900, సైరన్, బ్యాటరీ 3,600.
ఇప్పటికి మొత్తం: రూ. 3,30,950

మార్చి 3: అన్నీ ఆపి చూసిన రాత్రి

రాత్రి పదికి షెడ్డు కంప్యూటరు, రౌటరు, వైఫై, జీఎస్‌ఎం అన్నీ ఆపేశాను. సైరన్ 2 నిమిషాల 10 సెకన్లకు మోగింది. దాన్నీ ఆపి, గట్టు మీది పెట్టెలను వాటి మానాన వదిలేశాం. తాత మామూలుగానే తన చుట్లు తిరిగాడు, పెట్టె డిస్‌ప్లే మీది అంకె ఒక పక్క, చేతి మీటరు అంకె ఒక పక్క రాస్తూ.

నాలుగున్నరకు పెట్టె/చేతి మీటరు: ఒకటో గుంట 4.6/4.6, రెండోది 4.4/4.5, మూడోది 4.7/4.6, నాలుగోది 4.1/4.2, ఐదోది 4.5/4.5, ఆరోది 4.3/4.7.

ఆరోది పాత గాల్వానిక్ ప్రోబు (మెంబ్రేన్ అనే పల్చటి పొర గుండా వచ్చే ఆక్సిజన్‌ను కొలిచే రకం). 0.4 తేడా వదిలేసేది కాదు. శనివారం మెంబ్రేన్ మార్చి, ఉప్పుశాతం సెట్టింగు మళ్లీ చూసి, మూడు రాత్రులు చేతి మీటరుతో పోల్చి ఇక్కడ రాస్తాను.